ప్రయోగ జంతువు నొప్పి: మన లెక్కల్లోకి రాని అంశం

పురుగుమందు డబ్బాపై వజ్రాకారంలో ఉండే గుర్తును, దాని కింది సగంలోని రంగు త్రికోణాన్ని గురించి ప్రతి ఖరీఫ్‌కు ముందు విద్యార్థులకు, రైతులకు వివరించడం నా విధుల్లో ఒకటి. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు అధిక విషపూరితం, నీలం ఒక మోస్తరు, ఆకుపచ్చ స్వల్పం. ఈ విభజన 1971 నాటి కీటకనాశినుల నియమాల్లో ఉన్నది. నోటి ద్వారా ఇచ్చినప్పుడు ప్రయోగ జంతువుల్లో సగం చనిపోవడానికి కిలో శరీర బరువుకు 50 మిల్లీగ్రాముల లోపు మందు చాలినట్లయితే ఎరుపు, 51 నుంచి 500 వరకు పసుపు, 501 నుంచి 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. ఈ అంకెలను పాతికేళ్లుగా నల్లబల్లపై రాస్తూ వచ్చాను. ఒకసారి తరగతిలో ఒక విద్యార్థిని లేచి, "చనిపోయిన సగం సంగతి సరే సార్, బతికిన సగానికి ఏమవుతుంది?" అని అడిగింది. నా వద్ద సమాధానం లేదు. తరువాత చదివి తెలుసుకున్నాను. సాధారణంగా 14 రోజులపాటు పరిశీలించి, బతికినవాటిని కూడా చంపి, అవయవాలను పరీక్షిస్తారు. ఆ 14 రోజుల్లో అవి ఏమి అనుభవించాయన్నది త్రికోణంలోని రంగు చెప్పదు.

కనుక ప్రయోగ జంతువుల నొప్పి అనే విషయం పశువైద్యులకో, ఔషధ సంస్థలకో మాత్రమే సంబంధించినదని, పొలంలో నిలబడే మనకు దానితో పని లేదని అనుకోవడం సరికాదు. మన దేశంలో జంతు ప్రయోగాలకు చట్టబద్ధత కల్పించిన 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం 14వ సెక్షన్‌ను చదివిన వారికి ఒక మాట తప్పక కంటపడుతుంది. మనుషుల, జంతువుల వ్యాధులతో పాటు మొక్కల వ్యాధులను ఎదుర్కొనడానికి చేసే ప్రయోగాలను కూడా ఆ సెక్షన్ అనుమతించింది. మన పైరు పేరిట కూడా జంతువు బోనులో ఉండవచ్చునని చట్టమే చెప్పినప్పుడు, ఆ బోనులో జరిగేదానికి మనమూ కొంత జవాబు చెప్పవలసి ఉంటుంది.

నేను ఒక సంస్థాగత జంతు నైతిక సంఘంలో కొన్నేళ్లుగా సభ్యుడిని. ఇటువంటి సంఘంలో పశువైద్యుడితో పాటు ఇతర జీవశాస్త్ర విభాగాల నుంచి శాస్త్రవేత్తలు, బయటి సంస్థకు చెందిన ఒకరు, శాస్త్రంతో సంబంధం లేని సామాజిక ప్రతినిధి ఒకరు ఉండాలని, నేడు సీసీఎస్‌ఈఏగా పిలుస్తున్న కేంద్ర సంఘం నిబంధన. ఇతర విభాగం వాడి స్థానంలో నేను కూర్చున్నాను. మొదటి సమావేశాల్లో నమూనా పరిమాణం, గణాంక విశ్లేషణ గురించి తప్ప మాట్లాడేవాడిని కాదు. నొప్పి గురించిన గడి వచ్చినప్పుడు పశువైద్యుని వైపు చూసేవాడిని. ఆ గడిలో దరఖాస్తుదారులు రాసే వాక్యాలు స్థూలంగా రెండే. ఒకటి, "ఈ ప్రయోగంలో జంతువులకు నొప్పి కలగదు." రెండవది, "నొప్పి నివారణ మందులు ఫలితాలను ప్రభావితం చేస్తాయి గనుక ఇవ్వడం లేదు."

మొదటి వాక్యాన్ని మా సంఘంలోని సామాజిక ప్రతినిధి, విశ్రాంత ఉపాధ్యాయురాలు, ఒకనాడు పట్టుకున్నారు. "కలగదని మీకు ఎవరు చెప్పారు నాయనా?" అని ఆ యువ పరిశోధకుడిని అడిగారు. అతడు తడబడ్డాడు. రెండవ వాక్యం మాత్రం శాస్త్రీయమైన వేషంలో వస్తుంది కాబట్టి చాలాకాలం మా అందరినీ దాటి వెళ్లిపోయింది. ఆ వాక్యం చాలా సందర్భాల్లో శాస్త్రీయం కాదని, పైగా ప్రయోగ రచన మూలసూత్రాలకే విరుద్ధమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. దీన్ని నేను పుస్తకాల్లో నేర్చుకోవడానికి ముందు ఒకసారి సొంత ప్రయోగంలో తప్పు చేసి ఉన్నాను కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడతాను.

పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో నేను జొన్న, అలసంద పశుగ్రాస మిశ్రమాలపై పనిచేశాను. వరుసల నిష్పత్తి మార్చి పండించిన మూడు మిశ్రమాలను పొట్టేలు పిల్లలకు మేపి, ఎంత తింటున్నాయో, ఎంత బరువు పెరుగుతున్నాయో చూడాలి. ఒక్కో ట్రీట్‌మెంట్‌కు ఆరు పిల్లలు. పిల్లలు రెండు విడతలుగా వచ్చాయి. రెండవ విడతవాటికి రావడానికి కొద్ది రోజుల ముందే బర్డిజో పరికరంతో విత్తులు నొక్కించారు, చెవులకు నంబరు బిళ్లలు వేశారు. నొప్పికి ఏ మందూ ఇవ్వలేదు. అది అప్పటి అలవాటు, ఎవరూ వింతగా చూడలేదు. పొలంలో మళ్లను యాదృచ్ఛికంగా కేటాయించడానికి లాటరీ చీటీలు వేసిన నేను, పిల్లలను మాత్రం వచ్చిన క్రమంలో దొడ్లలోకి తోలాను. ఫలితంగా రెండవ విడతవాటిలో నాలుగు ఒకే ట్రీట్‌మెంట్‌లో పడ్డాయి.

ఆ ట్రీట్‌మెంట్‌లో మొదటి పది రోజులు మేత మిగులు ఎక్కువగా వచ్చింది. ప్రతి ఉదయం తూకం వేసి రాసుకున్నాను. దొడ్డి చూసే పెద్దాయన ఒకరు మూడో రోజునే నాతో అన్నారు: "బాబూ, మేత బాగాలేక కాదు. వాటికి పడుకుందామన్నా లేద్దామన్నా బాధగా ఉంది. చూడు, వెనక కాళ్లు ఎడంగా పెట్టి నిలబడుతున్నాయి." నేను విన్నాను, కానీ రాసుకోలేదు. నా పుస్తకంలో మిగులు కిలోలకు గడి ఉన్నది, నిలబడే తీరుకు గడి లేదు. చివరికి సిద్ధాంత గ్రంథంలో ఆ మిశ్రమంలో అలసంద కాండం ముదిరినందువల్ల రుచి తగ్గిందని రాశాను. పరీక్షకులు ఒప్పుకున్నారు. ఆ వాక్యం ఇప్పటికీ అక్కడే ఉన్నది. అది నిజమో కాదో నేను చెప్పలేను. పశువు తినకపోవడం మేత వల్లనా, నొప్పి వల్లనా అన్నది విడదీయడానికి వీలులేని విధంగా ప్రయోగాన్ని నేనే కట్టాను.

సస్యశాస్త్రంలో ఇటువంటి పొరపాటును మనం క్షమించము. చౌడు మచ్చ ఒకే ట్రీట్‌మెంట్ మళ్లలో పడితే ఆ ప్రయోగాన్ని పక్కన పెడతాము. ఫిషర్ రొతాంస్టెడ్ పొలాల్లో పనిచేస్తూ యాదృచ్ఛికీకరణ, పునరావృతి, స్థానిక నియంత్రణ అనే సూత్రాలను స్థిరపరచింది ఇందుకే. ఈనాడు ప్రయోగశాలల్లో ఎలుకలను సమూహాలుగా విభజించే పద్ధతులన్నీ ఆ పొలాల నుంచి వెళ్లినవే. నేల సారంలోని తేడాను అంత జాగ్రత్తగా పట్టించుకునే మనం జంతువు దేహంలోని నొప్పి అనే తేడాను పట్టించుకోకపోవడానికి కారణం, అది కంటికి కనిపించకపోవడమే.

నొప్పి అంటే ఏమిటో చెప్పడం శాస్త్రానికి సులభం కాలేదు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఒక నిర్వచనం ఇచ్చింది. కణజాలానికి జరిగిన లేక జరగబోయే హానితో ముడిపడిన అప్రియమైన ఇంద్రియానుభవం, భావోద్వేగానుభవం అన్నది దాని సారాంశం. అయితే ఆ నిర్వచనం అనుభవాన్ని మాటల్లో వర్ణించడంపై ఆధారపడినట్లు కనిపించేది. మాటలు లేనివారి సంగతి ఏమిటన్న విమర్శ చాలాకాలం సాగింది. 2020లో దానిని సవరించినప్పుడు, మాటలతో వర్ణించడం నొప్పిని తెలిపే అనేక మార్గాల్లో ఒకటి మాత్రమేనని, చెప్పలేకపోయినంత మాత్రాన మనిషికి గాని, జంతువుకు గాని నొప్పి లేదని అర్థం కాదని వివరణలో చేర్చారు. ఆ వివరణలో జంతువు అన్న మాట ఉండటం గమనించదగినది.

చెప్పలేనివారికి నొప్పి ఉండదనే నమ్మకం ఎంత దూరం పోగలదో వైద్య చరిత్రలోనే ఉదాహరణ ఉన్నది. 1980ల వరకు అనేక ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు, ముఖ్యంగా నెలలు నిండని బిడ్డలకు, తగినంత మత్తు లేకుండానే శస్త్రచికిత్సలు చేసేవారు. వారి నాడీ వ్యవస్థ ఇంకా పరిణతి చెందలేదని, మందే ఎక్కువ ప్రమాదకరమని వాదన. భారతీయ సంతతికి చెందిన కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు ఆక్స్‌ఫర్డ్‌లో యాదృచ్ఛిక ప్రయోగం చేసి 1987లో ఫలితాలు ప్రచురించారు. గుండె వద్ద రక్తనాళం మూసే శస్త్రచికిత్సలో ఫెంటానిల్ ఇచ్చిన బిడ్డల్లో ఒత్తిడి హార్మోన్ల స్పందన తక్కువగా ఉంది, చికిత్స తరువాతి చిక్కులూ తక్కువగా వచ్చాయి. నొప్పి మందు బిడ్డకు భారం కాలేదు, రక్షణ అయింది. మనిషి బిడ్డ విషయంలోనే ఈ సంగతి గ్రహించడానికి అంతకాలం పట్టిందంటే, ఎలుక విషయంలో మన తొందరపాటు తీర్పులను కొంత అనుమానించవలసిందే.

ఇక గుర్తించడం ఎలా? గొర్రె, మేక, కుందేలు, ఎలుక వంటివి వేటాడబడే జాతులు. మందలో కుంటేదాన్ని తోడేలు ముందుగా పట్టుకుంటుంది కనుక నొప్పిని దాచడం వాటి స్వభావం. మనిషి దగ్గరకు రాగానే గొర్రె తల ఎత్తి మామూలుగా నిలబడుతుంది. ఈ దాపరికం మన ఉనికి వల్ల మరింత పెరుగుతుందని ప్రయోగపూర్వకంగానే తేలింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మగ పరిశోధకుడు గదిలో ఉన్నప్పుడు, చివరికి అతడు తొడిగి విడిచిన చొక్కా దగ్గర ఉన్నప్పుడు కూడా, ఎలుకలు నొప్పి లక్షణాలను తక్కువగా చూపాయి. భయం వల్ల కలిగిన ఒత్తిడి నొప్పిని తాత్కాలికంగా అణచింది. అంటే మనం చూస్తున్నామన్న కారణంగానే మనకు కనిపించడం లేదు. దరఖాస్తులో "జంతువులు సాధారణంగా కనిపించాయి" అని రాసే ముందు, ఎవరికి, ఎక్కడ నిలబడి, ఏ వేళలో చూస్తే అలా కనిపించాయని అడగాలి.

వేళ అన్నది చిన్న విషయం కాదు. ఎలుకలు రాత్రి సంచరించే జీవులు. మనం ఉదయం పది గంటలకు వెళ్లి చూసేసరికి అవి నిద్రపోయే సమయం. నిద్రిస్తున్న ఎలుకకు, నొప్పితో ముడుచుకున్న ఎలుకకు బోను బయటి నుంచి తేడా తెలియదు. ఆపదలో, వేదనలో పెద్ద ఎలుకలు 22 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో కూతలు వేస్తాయి. మన చెవి దాదాపు 20 కిలోహెర్ట్జ్ వద్దనే ఆగిపోతుంది. గది నిశ్శబ్దంగా ఉన్నదని మనం అనుకుంటాము.

అయినా గుర్తించే మార్గాలు ఉన్నాయి. అదే మెక్‌గిల్ బృందం 2010లో చిట్టెలుక ముఖకవళికల ఆధారంగా ఒక కొలమానం రూపొందించింది. కళ్లు ఏ మేరకు ముడుచుకున్నాయి, ముక్కు, బుగ్గ ఉబ్బాయా, చెవులు ఎటు వాలాయి, మీసాలు ఎలా కదిలాయి అన్న అయిదు అంశాలకు సున్న నుంచి రెండు వరకు మార్కులు వేస్తారు. తరువాత పెద్ద ఎలుకలకు, గుర్రాలకు, ఆవులకు ఇటువంటివి వచ్చాయి. గొర్రెలకు కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో తయారుచేసినదాన్ని గిట్టల కుళ్లు, పొదుగువాపు సోకిన గొర్రెలపై పరీక్షించారు. ఇవి కాక, బరువు తగ్గడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, గూడు కట్టడం మానడం, ఎలుకల్లో కంటి చుట్టూ, ముక్కు వద్ద ఎర్రని స్రావం గూడుకట్టడం వంటివి ప్రతి జంతుశాల సహాయకుడూ చూడగలిగిన గుర్తులే. ఆ ఎర్రని స్రావం రక్తం కాదు, కంటి గ్రంథి నుంచి వచ్చే పోర్ఫిరిన్ అనే వర్ణకం. ఇది తెలియక కొందరు విద్యార్థులు కంగారు పడతారు, మరికొందరు తుడిచేస్తారు.

నా మటుకు నాకు ఈ కొలమానాలు చూసినప్పుడల్లా గొర్రెల కాపరులు గుర్తుకు వస్తారు. వందల తలల మందలో ఏ గొర్రె వెనకబడుతున్నదో, ఏది నెమరు ఆపిందో, ఏది పళ్లు కొరుకుతున్నదో కాపరి దూరం నుంచే చెబుతాడు. కేంబ్రిడ్జి పట్టికలోని చెవుల వాలు, కళ్ల ముడుపు ఆయనకు కొత్తవి కావు. తేడా ఒక్కటే, ఆయన గమనింపునకు మన పరిశీలన పుస్తకంలో గడి లేదు. నా దొడ్డి పెద్దాయన చెప్పిన మాట రాసుకొని ఉంటే నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయం వేరుగా ఉండేది.

ఇప్పుడు ఆ రెండవ వాక్యానికి వస్తాను. నొప్పి మందు ఫలితాలను మారుస్తుంది, నిజమే. కానీ నొప్పి కూడా ఫలితాలను మారుస్తుంది. శస్త్రచికిత్స జరిగిన జంతువులో కార్టిసాల్ లేదా కార్టికోస్టిరాన్ పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, రోగనిరోధక స్పందన మారుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది, మేత, నీరు తగ్గుతాయి, నిద్ర చెడుతుంది. పోషకాహార ప్రయోగంలో మనం కొలిచేవి సరిగ్గా ఇవే. మందు ఇవ్వకపోతే ప్రయోగం మందు లేని స్థితిలో జరుగుతున్నదని అనుకుంటాము. వాస్తవానికి అది నొప్పి అనే మరో ట్రీట్‌మెంట్‌తో, పైగా కొలవని మోతాదులో, ఒక్కో జంతువుకు ఒక్కో మోతాదులో జరుగుతున్నది. మందు మోతాదు మనకు తెలుసు, అన్ని సమూహాలకు సమానంగా ఇవ్వగలము, ఎంతసేపు పనిచేస్తుందో తెలుసు. నొప్పి విషయంలో ఈ మూడింటిలో ఒక్కటీ మన చేతిలో లేదు. తెలిసిన, సమానమైన ప్రభావాన్ని భరించాలా, తెలియని, అసమానమైన ప్రభావాన్ని భరించాలా అని అడిగితే పొలంలో పనిచేసిన ఎవరైనా మొదటిదే ఎంచుకుంటారు. ప్రయోగ దోషం తగ్గుతుంది కాబట్టి తక్కువ జంతువులతోనే తేడాలు పట్టుబడతాయి.

మందుల ప్రభావం చిన్నదని నేను అనడం లేదు. వాపుపై చేసే అధ్యయనంలో వాపును తగ్గించే మందు ఇవ్వలేరు. ఓపియాయిడ్లు పేగుల కదలికను తగ్గిస్తాయి. బ్యుప్రెనార్ఫిన్ ఇచ్చిన పెద్ద ఎలుకలు కొన్నిసార్లు బోనులో పరిచిన పొట్టును తింటాయి, మేత కొలిచే ప్రయోగానికి అది ఇబ్బంది. కానీ ఈ కారణాలు ఒక తరగతి మందును మరో తరగతితో మార్చడానికి, లేదా స్థానిక మత్తు వాడడానికి, లేదా మందు మాత్రమే ఇచ్చిన ఒక నియంత్రణ సమూహాన్ని చేర్చడానికి దారి తీయాలి. అన్ని మందులనూ ఒకే వాక్యంతో తోసిపుచ్చడానికి కాదు. నొప్పినే అధ్యయనం చేసే ప్రయోగాలు కొన్ని ఉంటాయి. వాటిలో కూడా ఏ మార్కు దాటితే జంతువును ప్రయోగం నుంచి తొలగించాలో ముందుగా రాయవలసి ఉన్నది. ఫలానా మందు ఫలానా కొలతను పాడుచేస్తుందని ప్రచురిత ఆధారం చూపినవారికి మా సంఘం మినహాయింపు ఇవ్వడానికి సిద్ధమే. చాలామంది ఆధారం చూపరు, ఎందుకంటే వెతకలేదు.

మందును నొప్పికి ముందే ఇవ్వాలన్న విషయం కూడా మన పరిశోధకుల్లో చాలామందికి కొత్త. కోతకు ముందే మందు దేహంలో ఉంటే వెన్నుపాములోని నాడీకణాలు అతిసున్నితం కాకుండా కొంత ఆపవచ్చు. నొప్పి స్థిరపడిన తరువాత ఇచ్చే మందు ఎక్కువ కావలసి వస్తుంది, తక్కువ పనిచేస్తుంది. 1960 చట్టం 17వ సెక్షన్ శస్త్రచికిత్సలు వీలైనంతవరకు నొప్పి తెలియనంతటి మత్తులో జరగాలని కోరుతుంది. మత్తులో ఉండగా, కోలుకుంటే తీవ్ర బాధ తప్పనంతగా గాయపడిన జంతువును స్పృహ రాకముందే చంపాలని కూడా చెబుతుంది. ఆ చట్టం వెనుక రుక్మిణీదేవి అరండేల్ 1950లలో రాజ్యసభలో చేసిన కృషి ఉన్నది. అయితే ఆనాటి చట్టం చూపు బల్ల మీది గంటపై ఎక్కువగా నిలిచింది. మత్తు దిగిన తరువాతి రెండు, మూడు రాత్రులు పరిశోధకుని మనస్సాక్షికి, సంఘం శ్రద్ధకు మిగిలాయి.

ఆచరణలో ఉన్న చిక్కులను కూడా చెప్పాలి, లేకుంటే ఈ మాటలు గాలిలో తేలిపోతాయి. కెటమైన్ షెడ్యూల్ ఎక్స్ కిందికి వచ్చింది. బలమైన ఓపియాయిడ్లు, బ్యుప్రెనార్ఫిన్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్నాయి. 2018లో ట్రమడాల్ కూడా ఆ పరిధిలోకి చేరింది. చిన్న కళాశాల ఈ మందులను తెప్పించి, తాళం వేసి, రిజిస్టరు నిర్వహించడం శ్రమతో కూడిన పని. దుర్వినియోగం ఎక్కువగా ఉన్న దేశంలో ఆ కట్టుబాట్లు అనవసరమని నేను అనను. కానీ వాటిని సాకుగా చూపి ఏ మందూ ఇవ్వకపోవడం వేరే సంగతి. లిగ్నోకైన్‌కు ఈ అడ్డంకులేవీ లేవు, చవక, ఏ పశువైద్యశాలలోనైనా దొరుకుతుంది. మెలాక్సికామ్ కూడా అంతే.

మెలాక్సికామ్ మన పశువైద్యంలో ఇంతగా వాడుకలోకి రావడం వెనుక రాబందుల కథ ఉన్నది. పశువులకు నొప్పికి, జ్వరానికి డైక్లోఫెనాక్ విరివిగా ఇచ్చేవారు. ఆ కళేబరాలను తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయాయి, కొన్ని జాతులు 90 శాతానికి పైగా అంతరించాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్‌ను మన ప్రభుత్వం నిషేధించింది, రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలిన మెలాక్సికామ్ దాని స్థానంలోకి వచ్చింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించారు. పశువు నొప్పికి ఏ మందు ఇస్తున్నామన్నది ఆ పశువు దగ్గరే ఆగదని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. పశు సంబంధమైన ప్రయోగాలు చేసే మన విద్యార్థులు చనిపోయిన జంతువులను ఎక్కడ పారవేస్తున్నారో కూడా దీనివల్ల అడగవలసి వస్తుంది.

విషప్రభావ పరీక్షల విషయంలో కొంత మేలు జరిగింది. మొదట చెప్పిన సగం జంతువుల మరణ మోతాదును 1927లో ట్రెవాన్ ప్రవేశపెట్టాడు. మందుల శక్తిని ఖచ్చితంగా పోల్చడానికి ఆయన ఉద్దేశించిన ఆ పరీక్ష, తరువాత ప్రతి రసాయనానికీ తప్పనిసరి లాంఛనమైంది. ఓఈసీడీ తన పాత 401వ మార్గదర్శకాన్ని 2002లో తొలగించి, 420, 423, 425 సంఖ్యల పద్ధతులను నిలిపింది. వీటిలో 425వది ఒక్కో జంతువుకు ఇచ్చి, దాని ఫలితాన్ని బట్టి తరువాతి జంతువు మోతాదును పెంచడమో, తగ్గించడమో చేసే వరుస పద్ధతి. పదుల జంతువుల చోట కొద్ది జంతువులతో సరిపోతుంది. 420వది మరణాన్ని కాక స్పష్టమైన విషలక్షణాలను కొలతగా తీసుకుంటుంది. రస్సెల్, బర్చ్‌లు 1959లో తమ గ్రంథంలో ప్రతిపాదించిన ప్రత్యామ్నాయం, తగ్గింపు, మెరుగుదల అనే మూడు సూత్రాలు గణాంకశాస్త్రంతో కలిస్తే ఏమి సాధ్యమో ఇది చూపుతుంది. మన పాఠ్యపుస్తకాలు ఈ మార్పును ఇంకా అందుకోలేదు. నేనూ అందుకోలేదు, ఆ విద్యార్థిని ప్రశ్న అడిగేవరకు.

ఇక్కడ నన్ను ఇబ్బంది పెట్టే వైరుధ్యం ఒకటి ఉన్నది, దాన్ని దాచను. బోనులోని తెల్ల ఎలుకకు నొప్పి మందు కావాలని సంఘంలో వాదించి, మరునాడు వరిపొలానికి వెళ్లి పందికొక్కులకు 0.005 శాతం బ్రోమడయోలోన్ ఎర ఎలా పెట్టాలో రైతులకు చెబుతాను. ఆ మందు రక్తం గడ్డకట్టే శక్తిని తీసివేసి కొన్ని రోజులకు చంపుతుంది. ఆ రోజులు సుఖంగా గడవవు. పంట నష్టాన్ని చూసినవాడిగా ఎర వద్దని చెప్పలేను. కలుగుల్లో పొగ పెట్టడం, బుట్టలు, గట్లు చిన్నవిగా ఉంచడం, ఊరంతా ఒకేసారి చర్య తీసుకోవడం వంటివి ముందు చెప్పి, ఎరను తరువాత చెప్పడం వరకే వెళ్లగలిగాను. పొగ కూడా కరుణామయం కాదని తెలుసు. గొర్రెల సంగతి ఇంకొంచెం సులభం. విత్తులు నొక్కించడం, కొమ్ములు తీయడం, ముక్కుతాడు వేయడం వంటివి నిర్దేశిత పద్ధతిలో చేస్తే హింస కాదని 1960 చట్టం 11వ సెక్షన్ మినహాయించింది. ఆ పద్ధతి ఏమిటో చెప్పే నియమాలు 2023లో వచ్చాయి, నమోదైన పశువైద్యుడు మత్తు ఇచ్చి చేయాలని వాటి సారాంశం. గ్రామాల్లో అమలుకు కాలం పట్టవచ్చు. విశ్వవిద్యాలయ క్షేత్రాల్లో పట్టవలసిన అవసరం లేదు.

ఈ పత్రిక ద్వారా రెండు ప్రతిపాదనలు చేస్తున్నాను. ఒకటి సంపాదక వర్గానికి. జంతువులతో చేసిన ప్రయోగాల వ్యాసాలకు నైతిక సంఘం అనుమతి సంఖ్య మాత్రమే కాక, నొప్పిని ఎలా గుర్తించారు, ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఒకసారి ఇచ్చారు, ఇవ్వకపోతే ఎందుకు అన్న నాలుగు పంక్తులను పద్ధతుల భాగంలో తప్పనిసరి చేయాలి. ఎరువు మోతాదు రాయని వ్యాసాన్ని మనం తిప్పి పంపుతాము కదా. రెండవది విభాగాధిపతులకు. మేపు ప్రయోగాలు, ఎలుకల ఎర ప్రయోగాలు చేసే విద్యార్థులకు ప్రయోగం మొదలుకు ముందే కొన్ని రోజులు జంతు సంరక్షణలో శిక్షణ ఇప్పించాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలుగా ప్రయోగశాల జంతువుల రంగంలో సిబ్బందికి శిక్షణ ఇస్తూ వచ్చింది, అంటే దూరం వెళ్లనవసరం లేదు. ఆ శిక్షణకు విద్యార్థితో పాటు దొడ్డి చూసేవారిని కూడా పంపాలి, పరిశీలన పుస్తకంలో వారు రాయడానికి ఒక గడి ఉంచాలి. వారు రాయలేకపోతే విద్యార్థి వారి మాటను వారి పేరుతో రాయాలి.

మా సంఘంలో ఇప్పుడు నేను ప్రతి దరఖాస్తుకు ఒకే ప్రశ్న జోడిస్తున్నాను: శస్త్రచికిత్స జరిగిన రోజు రాత్రి తొమ్మిది గంటల తరువాత ఈ జంతువును ఎవరు చూస్తారు, పేరు రాయండి. బ్యుప్రెనార్ఫిన్ ప్రభావం చిట్టెలుకల్లో కొన్ని గంటలే ఉంటుంది, సాయంత్రం అయిదింటికి ఇచ్చిన సూది తెల్లవారే వరకు పనిచేయదు కాబట్టి ఆ ప్రశ్న. గత సమావేశంలో రెండు దరఖాస్తులను ఈ ఒక్క కారణంగా వెనక్కి పంపాము. ఒకదానిలో పరిశోధక విద్యార్థిని తన పేరు, జంతుశాల సహాయకుని పేరు రాసి, వంతుల పట్టిక జతచేసి పంపింది. రెండవదాని నుంచి ఇంకా జవాబు రాలేదు.